కంప్లయింటు రాని పెట్టెలు

సెప్టెంబరు 4

మా ఆవిడ దుర్గ పాఠం చెప్పడానికి కాలేజీకి వెళ్ళింది. అన్నం హాట్‌బాక్సులో ఉంది. తిన్నాను.

పెట్టెలన్నీ నడుస్తున్నాయి.

సెప్టెంబరు 5

నిద్రకు మాత్రలు రాసిన కాకినాడ డాక్టరు రోజూ నాలుగు ముక్కలు రాయమన్నాడు. ఎవరికీ చూపించక్కర్లేదట. ముప్పై ఏళ్ళు మెషీన్ల చేత లాగ్ రాయించినవాణ్ణి, నా లాగ్ నేను రాసుకోలేనా? రాసుకోగలను. రాయడానికి ఏమీ లేదు, అదొక్కటే ఇబ్బంది.

లేచాను. కాఫీ తాగాను. ల్యాప్‌టాప్ తెరిచి పెట్టెలు చూశాను. అన్నిటి పక్కనా పచ్చచుక్క ఉంది. మూసేశాను.

సెప్టెంబరు 6

నిన్నటిదే.

సెప్టెంబరు 9

రాస్తే సరిగా రాయాలి. ఎవరికీ చూపించక్కర్లేదన్నా సరే, చదివేవాడికి అర్థం కాని డాక్యుమెంటు రాయడం నాకు చేతకాదు.

మా అబ్బాయి సూర్యప్రకాష్ పోయినేడు కార్తీకంలో పోయాడు. ముమ్మిడివరం నుంచి అమలాపురం వస్తుంటే, బండి మీద, లారీ. ఇరవై ఆరేళ్ళు.

రాసేశాను. పెన్ను బాగానే రాస్తోంది.

వాడు చేసినవే ఈ పెట్టెలు. రొయ్యల చెరువు గట్టున షెడ్డు గోడకు తగిలిస్తారు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే పెట్టె తనంతట తనే ఏరియేటర్లు వేస్తుంది. ఇక్కడి రైతులు వాటిని ఫ్యాన్లంటారు. ఆక్సిజన్ పెరిగితే ఆపుతుంది. కరెంటు పోతే రైతుకు ఫోను చేస్తుంది. జరిగిందంతా లాగ్‌గా రాసి నా కంప్యూటరుకు పంపుతుంది. లోపల నడిచేది నా చీమ.

చీమ నా ఆపరేటింగ్ సిస్టం. హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో ఆదివారాలు కూర్చుని రాశాను. పదహారు కిలోబైట్లలో ఒదిగి పడుకుంటుంది. ఇప్పటి కుర్రాళ్ళు తెర మీద ఒక బొత్తాం బొమ్మకు అంతకంటే ఎక్కువ తగలేస్తారు. పెట్రోలు బంకుల్లో నడిచింది, నేత మిల్లుల్లో నడిచింది, ఎక్కడా పడలేదు. "మీ చీమ కుట్టదు కదా నాన్నా" అని సూర్య ఏడిపించేవాడు. పని దొంగల్నే కుడుతుందిరా అనేవాణ్ణి.

ఆ రోజు ఫ్యాన్లు ఆగిపోయాయని రాజబాబు అనే కుర్ర రైతు ఫోను చేస్తే, మావాడు అతని చెరువు దగ్గరికి వెళ్ళాడు. అక్కణ్ణుంచి నాకు చేశాడు. "రీసెట్ కొట్టాను నాన్నా, లేచింది. ఎందుకు ఆగిందో ఇంటికొచ్చి చూస్తాను" అన్నాడు.

లేచింది కదా. లేచాక ఇంక చూడ్డానికి ఏముంటుంది?

ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ రైతు దగ్గర్నుంచీ ఒక్క కంప్లయింటు రాలేదు. చీమ మీద వాడు రాసిన కోడు నేను తెరవలేదు. నడుస్తున్నదాన్ని కెలకకూడదు. నా సర్వీసంతా అదే నియమం. వేరే కారణమేం లేదు.

సెప్టెంబరు 14

ఆదివారం. దుర్గ ఆనపకాయ పప్పు చేసింది. వాడికిష్టం. రెండు ముద్దలు తిని, మూడో ముద్ద చేతిలో పట్టుకుని ఏడ్చింది.

పప్పు బాగుందన్నాను.

సెప్టెంబరు 15

బాగానే ఉన్నాను.

సెప్టెంబరు 19

కాట్రేనికోన వైపు నుంచి ముత్యాలరాజుగారు వచ్చారు. పెద్ద రైతు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతిలో కారు తాళాలు. సోఫాలో ఒక అంచున కూర్చున్నారు.

"ఏవండీ ఈశ్వర్రావుగారూ, మీ అబ్బాయిగారి పెట్టెలు అసలు ఆగనే ఆగవంటగా."

"ఏడాదిగా ఒక్క కంప్లయింటు లేదండి."

"ఒక్కటి కూడా లేదాండీ?"

"లేదండి. రోజూ చూస్తూనే ఉన్నాను."

"ఆయ్. పోయిన పంటలో చెరువు కాసే మా గుమాస్తా నిద్రపోయి మూడు చెరువుల్లో రొయ్య పోగొట్టేడండి. మనిషిని నమ్ముకుంటే అంతేనండి. కార్తీకం పోయేక రొయ్యపిల్ల సీడు వదుల్తాను. మొత్తం చెరువులన్నిటికీ మీ పెట్టెలే పెట్టేద్దావండి. గుమాస్తాల్ని మాన్పించేస్తాను."

సరే అన్నాను. వెళ్ళేటప్పుడు హాల్లో ఉన్న వాడి ఫొటో దగ్గర ఆగి దణ్ణం పెట్టారు. "బంగారంలాంటి కుర్రోణ్ణి తీసుకుపోయేడండి దేవుడు" అన్నారు. ఆయన వెనకే నిలబడి నేనూ ఫొటో చూశాను. అద్దం మీద ట్యూబులైటు పడుతోంది. ఫొటో కాస్త పక్కకు జరపాలి.

సెప్టెంబరు 20

ముత్యాలరాజుగారి సంగతి దుర్గకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"వద్దండి."

"ఎందుకు?"

"అవి పెట్టాలంటే మీరు ఆ రోడ్డు మీద తిరగాలి. వద్దు."

"ఎవరో ఒకళ్ళు వెళ్తారు. వాడి పని నిలబడుతుంది కదా దుర్గా. ఆ చెరువులన్నిటి మీదా వాడి పెట్టే ఉంటుంది."

"పెట్టె ఉంటే వాడున్నట్టా?" అంది. తర్వాత, "వాడి గురించి మీరు మాట్లాడరు. పెట్టెల గురించైతే గంటలు గంటలు చెప్తారు" అంది.

రెండూ ఒకటే కదా అన్నాను. స్టాఫ్‌రూములో దిద్దాల్సిన పేపర్లున్నాయని వెళ్ళిపోయింది. శనివారం సాయంత్రం స్టాఫ్‌రూము ఎవరు తెరుస్తారు?

సెప్టెంబరు 26

రాజబాబు చెరువు లాగ్ చూశాను. నిన్న సాయంత్రం నుంచి ఇవాళ మధ్యాహ్నందాకా ఆక్సిజన్ ఒకే అంకె. గీత గీసినట్టు ఉంది. ఎంత నిలకడగా ఉందో చెరువు.

ఇదే లాగ్ ఇంకెవరైనా తెచ్చి చూపిస్తే సెన్సరు జవాబు చెప్పడం లేదు, పాత అంకెనే మళ్ళీ మళ్ళీ పంపుతోందనేవాణ్ణి. కానీ మధ్యాహ్నం చాలాసేపు కరెంటు పోయి వచ్చాక మళ్ళీ అంకెలు మారుతున్నాయి. కాబట్టి సెన్సరు బాగానే ఉంది. గాలి లేదు, నీరు కదల్లేదు, అంతే.

సెప్టెంబరు 29

ఇవాళ రాజబాబు చెరువులో ఇంకో వింత. పొద్దుగూకాక పెట్టె ఫ్యాన్లు ఆపింది. ఆ తర్వాత ఆక్సిజన్ పెరిగింది. చీకటి పడ్డాక, ఫ్యాన్లు ఆగాక, చెరువులోకి గాలి ఎక్కడిది? తగ్గాలి కానీ పెరగకూడదు.

సెన్సరు మీద నాచు పట్టి ఉంటుంది.

సెప్టెంబరు 30

మిగతా చెరువుల లాగ్‌లు కూడా తీశాను. అన్నిట్లోనూ అంతే.

అన్నిటికీ నాచు పట్టి ఉంటుంది. వానాకాలం కదా.

అక్టోబరు 2

దసరా. దుర్గ వాడు వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ తుడిచి, బొట్టు పెట్టి, నా ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది. నేను చూశానో లేదో అని చూసింది. చూశాను.

అక్టోబరు 6

రాజబాబుకు ఫోను చేశాను.

"పెట్టె ఎలా ఉంది రాజబాబూ?"

"బెమ్మాండంగా ఉందండి. పచ్చలైటు ఎలుగుతానే ఉందండి."

"సెన్సరు కడుగుతున్నారా?"

"ఆయ్, కడుగుతున్నావండి."

"అంకెలు కొంచెం తేడాగా ఉన్నాయి. ఒకసారి వచ్చి చూస్తాను."

"అబ్బెబ్బే, మీరు రాకండి. మీరెందుకండీ శ్రమపడతారు? రోడ్డు అస్సలు బాలేదండి. తేడా ఏం లేదండి, మీ దయ వల్ల అంతా బాగుందండి."

వెంటనే ఇంకో ఇద్దరు రైతులకు చేశాను. వాళ్ళూ బాగుందన్నారు. వాళ్ళూ రావద్దన్నారు. ఈ సీమ మనుషుల మర్యాద గురించి ఊరికే చెప్పుకోరు.

బాగుందని ముగ్గురు చెప్పాక ఇంక నా అనుమానం దేనికి? ఆ లాగ్‌లు వేరే ఫోల్డరులో పెట్టేశాను.

అక్టోబరు 15

నిన్నటిదే.

అక్టోబరు 21

దుర్గ వాడి గది సర్దుదాం రమ్మంది. రేపు అన్నాను. "ఏం చేస్తున్నారిప్పుడు?" అంది. లాగ్‌లు చూస్తున్నానన్నాను. ఒక్కతే సర్దుకుంది. గోడ అవతల వస్తువులు జరుపుతున్న చప్పుడు వినిపించింది. మధ్యలో గట్టిగా ఏదో అంది. నన్ను కాదనుకుంటాను.

అక్టోబరు 28

తుపాను. పొద్దుట్నుంచీ కొబ్బరి చెట్లు నేలకు వంగి లేస్తున్నాయి. పక్కింటివాళ్ళ రేకులు మా వాకిట్లో పడ్డాయి. కరెంటు పోయింది. నా ఫోనులో ఇంకా కొంచెం ఛార్జింగ్ ఉంది.

పెట్టెలు బ్యాటరీ మీద కాసేపు లాగ్ పంపాయి. ఒక్కొక్క పచ్చచుక్కా ఆరిపోయింది. ఈ పూట కంప్లయింటు వస్తుంది. తుపానులో రాక ఎప్పుడొస్తుంది? ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

అక్టోబరు 31

ఎవరూ చెయ్యలేదు.

నవంబరు 2

కరెంటు వచ్చింది. చుక్కలన్నీ మళ్ళీ పచ్చగా వెలిగాయి. ఇంత తుపానులోనూ ఒక్క కంప్లయింటు లేదు. ముత్యాలరాజుగారికి చెప్పాను. "అద్దీ!" అన్నారు.

నవంబరు 12

సంవత్సరీకం. పంతులుగారు చెయ్యమన్నవన్నీ చేశాను. నువ్వులు, నీళ్ళు, పిండాలు. ఎడమ చెయ్యి ఎప్పుడు పెట్టాలో, కుడి చెయ్యి ఎప్పుడు పెట్టాలో అంతా సరిగానే చేశానట. పంతులుగారు మెచ్చుకున్నారు.

రైతులంతా భోజనానికి వచ్చారు. రాజబాబు వీధి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే పక్కవాళ్ళ వెనక్కి జరిగాడు. దుర్గ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి విస్తరి దగ్గర కూర్చోబెట్టింది. వాడు సగం తిని లేచాడు.

ముత్యాలరాజుగారు చేతులు కడుక్కుంటూ, "పెట్టె నడుస్తుండగా ఒకసారి కళ్ళారా చూడాలండి. ఈ రాజబాబు చెరువుకే వెళ్దావేంటి?" అన్నారు.

రాజబాబు చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఇప్పుడొద్దండి బాబుగారూ. చెరువు పట్టుబడికొచ్చిందండి. ఇంకోపాలి చూద్దురు గాని" అన్నాడు.

రొయ్య పట్టే రోజులైతే మాత్రం పెట్టె చూడ్డానికేం? ఈ పిల్లాడికి మొహమాటం ఎక్కువ.

నవంబరు 13

రాజుగారికి చూపించే ముందు పెట్టె తుడిచి, సెన్సరు సరిచేద్దామని, చెప్పకుండా బయల్దేరాను. దుర్గతో బ్యాంకు పనన్నాను. ఆటోలో వెళ్ళాను. ముమ్మిడివరం రోడ్డు ఎక్కాక బయటికి చూడలేదు. డ్రైవరు అద్దానికి కట్టిన నిమ్మకాయ చూస్తూ కూర్చున్నాను.

రాజబాబు లేడు. మేత బస్తాల కోసం వెళ్ళాడట. షెడ్డులో వాళ్ళమ్మ పెద్దింట్లమ్మ ఒక్కతే ఉంది. మంచం మీద కూర్చుని, కొబ్బరాకుల నుంచి చీపురుకు ఈనెలు తీస్తోంది.

పెట్టె గోడ మీద ఉంది. దుమ్ము లేదు. దసరాకు పెట్టిన పసుపు కుంకాలున్నాయి. పచ్చలైటు వెలుగుతోంది, ఆరుతోంది. చెరువులో ఫ్యాన్లు నాలుగూ నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఫోను తీసి చూశాను. ఫ్యాన్లు ఆపేశానని చెబుతోంది పెట్టె.

పెట్టె కింద నుంచి వైరు పట్టుకుని చూస్తూ వచ్చాను. ఫ్యాన్లకు వెళ్ళాల్సిన వైరు మూరెడు దూరం వచ్చి ఆగిపోయింది. కొసకు నల్లటేపు చక్కగా చుట్టి మేకుకు కట్టారు. ఫ్యాన్లు పక్కనున్న మామూలు స్టార్టరు మీద తిరుగుతున్నాయి. దాని పచ్చబటను లోపలికి నొక్కి, బయటికి రాకుండా సందులో ఈనెపుల్లలు కుక్కారు. కరెంటు పోయి వచ్చినా ఫ్యాన్లు ఆగకుండా ఈ ప్రాంతంలో అందరూ చేసే పనే. ఆ పుల్లల అవసరం లేకుండా చెయ్యడానికే వాడు ఈ పెట్టె చేశాడు.

"ఏటి బాబూ అలా సూత్తావు?" అంది పెద్దింట్లమ్మ. "అది పన్జెయ్యదు."

"ఎప్పట్నుంచి?"

"మీ పిల్లోడు పోయిన కాడి నుంచీ. వచ్చి బాగుసేసి ఎల్లేడు, మాపటికి మళ్ళీ ఆగిపోయింది. లైటు ఎలుగుతానే ఉంది, ఫ్యాను తిరగలేదు. ఆ పిల్లోడి కబురు తెలిసి మావోడు ఆసుపత్రికాడే ఉండిపోయేడు. తెల్లారి వచ్చి సూసేసరికి రొయ్యంతా తేలిపోయింది. సెరువు సెరువంతా పోయింది."

మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను.

"నాకు చెప్పలేదే."

"సెప్పొద్దన్నాడు మావోడు. 'ఆ పిల్లోణ్ణి ఫోన్ సేసి పిలిచింది నేను. ఆ తండ్రికి మళ్ళీ ఫోన్ సేసి మీ పెట్టె ఆగిందని ఏ నోటితో సెప్పను' అన్నాడు. మిగతావోళ్ళూ అంతే. ఆగిపోతుందని తెలిసి అందరూ తీసేసేరు. లైటు మాత్తరం ఆర్పొద్దని అనుకున్నారు. మీరు కంపూటర్లో సూసుకుంటారంట కదా."

"అందరూనా?"

"అందరూను." ఈనె ఒకటి సర్రున లాగింది. "నాకు మాత్తరం కడుపు మండిపోయింది బాబూ. ఉన్నమాట సెప్తున్నాను. మీ పిల్లోడు బంగారం. మిషను మాత్తరం దిక్కుమాలింది."

ఏడాదిలో నాతో ఎవరూ ఇలా మాట్లాడలేదు. చెవులు వేడెక్కాయి. కోపమో సిగ్గో తెలియలేదు. ఏదో ఒకటి అనిపించడమే వింతగా ఉంది.

రాజబాబు బస్తాలతో వచ్చాడు. నన్ను చూశాడు, నా చేతిలో టేపు చుట్టిన వైరు చూశాడు. "అమ్మా!" అని అరిచాడు.

"ఏటి అమ్మా? ఎన్నాళ్ళు దాత్తావు?"

వాడు భుజం మీద తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"చెప్పాలి కదా రాజబాబూ."

"ఎలా చెప్తావండీ?" అన్నాడు. "మీరే చెప్పండి, ఎలా చెప్తావండీ?"

వాడే బండి మీద ఆటోస్టాండుదాకా దింపాడు. నన్ను ఆటో ఎక్కించి, డ్రైవరుతో "నెమ్మదిగా పోనివ్వు, నెమ్మదిగా" అని రెండుసార్లు చెప్పాడు.

నవంబరు 14

ల్యాప్‌టాప్ తెరవలేదు.

నవంబరు 15

ముత్యాలరాజుగారికి ఫోను చేశాను. చెయ్యకపోతే కార్తీకం పోయాక గుమాస్తాల్ని మాన్పించి, వాడి పెట్టెల్ని నమ్ముకుని, చెరువులన్నిట్లో సీడు వదులుతారు. ఇన్నాళ్ళూ నాకు కనపడనిది ఇప్పుడు కనపడింది.

"పెట్టొద్దండి రాజుగారూ. అవి ఆగిపోతాయి."

"అదేంటండీ! ఒక్క కంప్లయింటు లేదన్నారు కదా?"

"ఉన్నాయండి. నాకు చెప్పలేదు."

ఆయన నెమ్మదిగా, "ఎందుకాగుతాయండీ?" అన్నారు.

"తెలియదండి."

"మీకు తెలీకపోవడవేంటండీ?" అన్నారు. వెక్కిరింపు కాదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. ముప్పై ఏళ్ళు ఇదే పని చేసినవాడు, పెట్టెలో ఉన్నది తన చీమే, కోడు తన ల్యాప్‌టాప్‌లోనే ఉంది, ఎందుకాగుతుందో తెలియదంటే ఎవరైనా ఆశ్చర్యపోతారు.

వాడు ఇంటికొచ్చి చూస్తానన్నాడు. వాడు చూడాల్సింది. వాడొచ్చి చూస్తాడనే నేను చూడలేదా, ఇన్నాళ్ళూ?

నవంబరు 16

ఆదివారం. దుర్గ వంటింట్లో మినప్పప్పు రుబ్బుతోంది. భోజనాలయ్యాక కూర్చుని కోడు తెరిచాను.

మంచి కోడు. ఆ మాట ముందు రాయాలి. పేర్లు శుభ్రంగా పెట్టుకున్నాడు. అనవసరంగా ఒక్క అక్షరం లేదు. నేను చెప్పినట్టే ఒక్కొక్క పనీ విడివిడిగా రాశాడు: ఫ్యాన్ల పని వేరు, ఫోను పని వేరు, కబుర్లు పంపే పని వేరు. చదువుతుంటే ఒకటి రెండు చోట్ల, భేష్, ఇది నాకు తట్టేది కాదే అనుకున్నాను. ఫ్యాన్ల పని దగ్గరికి వచ్చాను. సెన్సరును అంకె అడుగుతుంది, జవాబు కోసం చూస్తుంది. జవాబు రాకపోతే? రాకపోతే అలాగే చూస్తూ ఉంటుంది. సరే, ఇంత మాత్రానికి కొంప మునగదు. పైన కాపలా ఉంటుంది కదా, అది లేపాలి. కాపలా ఎందుకు లేపలేదు?

టైమరు ఫైలు తెరిచాను. అక్కడుంది. ఒక్కటే వరుస.

"ఒరేయ్!" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకే తెలియదు. వంటింట్లో గ్రైండరు ఆగిపోయింది.

"ఒరేయ్ సూర్యా! ఎన్నిసార్లు చెప్పాన్రా? టైమరులో పెట్టకు, టైమరులో పెట్టకు అని నీకు మీసాలు రాకముందు నుంచీ చెబుతున్నాను కదరా! అన్నం దగ్గర చెప్పాను, బస్సులో చెప్పాను, తిరపతి క్యూలో నిలబడి చెప్పాను. ఆయ్ నాన్నా అంటావు. చెవిన పెడతావా? ఎంత పని చేశావురా వెధవా!"

దుర్గ చేతినిండా పిండితో గుమ్మంలో నిలబడి ఉంది. "ఎవరినండీ?"

"వీణ్ణే! ఇదిగో చూడు, ఏం చేశాడో చూడు!"

వచ్చి తెర మీదకు వంగింది. బోటనీ చెప్పే మనిషి, ఆ వరుస చూసి ఆవిడకేం తెలుస్తుంది? చెప్పాను. చిప్పులో కాపలాకి ఒక గడియారం ఉంటుంది. నడుస్తున్న పని అప్పుడప్పుడూ వెళ్ళి దానికి ఉన్నాను అని చెప్పాలి. చెప్పలేదంటే ఆ పని పడిపోయిందని తెలుసుకుని, అది అంతా మొదటి నుంచి లేపుతుంది. ఆ ఉన్నాను అనే మాట పని చేసేవాడే చెప్పాలి. వీడేం చేశాడంటే, ఆ మాట చెప్పడం తీసుకెళ్ళి తనంతట తనే కొట్టుకునే టైమరుకు అప్పజెప్పాడు. టైమరు దేనికీ ఆగదు. లోపల ఫ్యాన్ల పని పడి ఉన్నా, ఇది మాత్రం ఉన్నాను, ఉన్నాను అని చెబుతూనే ఉంటుంది. పచ్చలైటు వెలిగిస్తూనే ఉంటుంది. కాపలా నమ్మేస్తుంది. కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోయి, మళ్ళీ వస్తే తప్ప లేవదు. కరెంటు పోని రాత్రి చెరువు చస్తుంది.

"అంత తెలివైనవాడు!" అన్నాను. "ఒక్క వరుస దుర్గా. అక్కణ్ణుంచి తీసి ఇక్కడ పెడితే అయిపోయేది. చెబితే వినడు. ఏం చెప్పినా వినడు. ఆయ్ నాన్నా, ఆయ్ నాన్నా. హెల్మెట్ పెట్టుకోరా అంటే ఆయ్ నాన్నా. వీధి మలుపు తిరిగేదాకా పెట్టుకుంటాడు, మలుపు తిరిగాక తీసి ట్యాంకు మీద పెట్టుకుంటాడు. నేను చూడలేదనుకుంటాడు. మేడ మీంచి కనిపిస్తుందిరా నాకు! తల మీద పెట్టుకోవాల్సినది ట్యాంకు మీద పెట్టుకుంటావా? ట్యాంకు మీద..."

అక్కణ్ణుంచి మాట రాలేదు. నోట్లోంచి ఏదో చప్పుడు వచ్చింది. నాదేనని కాసేపటికి తెలిసింది. బల్ల మీద తల పెట్టేశాను. ఊపిరి అందలేదు. ఏడాదిగా లేని నొప్పి, ఎక్కడెక్కడిదో, ఒక్కసారి వచ్చి పడింది. చచ్చిపోతాననుకున్నాను. వాడు లేడు. నా బిడ్డ లేడు. ఆ మాట ఇవాళే ఎవరో వచ్చి చెప్పినట్టు ఉంది.

దుర్గ పిండిచేతులతోనే నా తల పట్టుకుంది. "తిట్టండి" అంది. "ఆపకండి, తిట్టండి వాణ్ణి. ఏడాది నుంచి నేనొక్కదాన్నే తిడుతున్నానండీ."

పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దుగూకేదాకా ఇద్దరం కూర్చుని తిట్టాం.